కాపడం నరానికి, చికిత్స రోగానికి

మన గోదావరి జిల్లాలలో కీళ్ల నొప్పికి మొదటి వైద్యురాలు ఇంటి ఇల్లాలే. వావిలాకు వేసి కాచిన నీళ్లు, ఆముదం రాసి వెచ్చచేసిన జిల్లేడాకు, మూటగట్టిన ఉప్పుతో కాపడం, పడుకోబోయే ముందు కర్పూరం కరిగించిన నూనెతో మర్దన - ఇవన్నీ అత్తగారి నుండి కోడలికి, తల్లి నుండి కూతురికి సంక్రమించిన చికిత్సలు. సామర్లకోటలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నాకు వీటిపై గౌరవమే గాని చిన్నచూపు లేదు. కుమారారామ భీమేశ్వరుని గుడిలో పై అంతస్తు మెట్లు ఎక్కలేక కింది నుండే నమస్కరించి వచ్చే వారెందరికో ఒక రాత్రి కాపడం మరునాటి నడకను సులువు చేసిన మాట వాస్తవం.

అయితే ఆ కాపడం పనిచేసినది ఎక్కడ? కీలు మీదనా, లేక కీలు సంగతిని మెదడుకు చేరవేసే నరం మీదనా? ఈ ప్రశ్న పండితుల కాలక్షేపానికి వేసినది కాదు. దీనికి సమాధానం తెలియకపోవడం వల్ల చేతివేళ్లు వంకరపోయిన ఇల్లాళ్లను, కాపడంతోనే పాదం కాలి పుండుపడిన పెద్దలను చూస్తున్నాము. నరములకూ శరీరంలోని రోగనిరోధక కణాలకూ మధ్య జరిగే సంభాషణను గురించి గత శతాబ్దంలో వెల్లడైన విషయాలను ప్రతి గృహస్థు కొంతైనా తెలుసుకొనడం అవసరమని నా అభిప్రాయం. అది తెలిస్తే మన ఇంటి వైద్యంలో దేనిని నిలుపుకోవాలో, ఎక్కడ ఆపాలో కూడ తెలుస్తుంది.

ఆవకాయ చేతులు చెప్పే పాఠం

ఆవకాయ పట్టే రోజులలో కారం కలిపిన చేతులు రాత్రి వరకు భగభగ మండడం మన ఇళ్లలో అందరికీ అనుభవమే. చేతికి గాయం లేదు, నిప్పు తగలలేదు, సూక్ష్మక్రిమి చేరలేదు. అయినా ఎరుపు, వేడి, మంట కనిపిస్తాయి. ఇవి శోథ లక్షణాలు. దెబ్బ తగిలిన చోటికి, క్రిమి చేరిన చోటికి రక్తమూ రక్షక కణాలూ పరుగున వచ్చినప్పుడు కలిగే మార్పులనే శోథ అంటారు. మరి ఇక్కడ ఏ శత్రువు వచ్చినట్లు?

మిరపకాయలోని కారపు పదార్థం పేరు క్యాప్సైసిన్. చర్మంలోని నరాల కొనలపై వేడిని గుర్తించే ఒక ద్వారం ఉన్నది. నిప్పు తగిలినప్పుడు తెరుచుకొనవలసిన ఆ ద్వారాన్నే కారం కూడ తెరుస్తుంది. అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీనిని గుర్తించింది. ఆయనకు 2021లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. నరం మోసపోయి, "నిప్పు" అని మెదడుకు కబురు పంపుతుంది. ఇంతవరకు సులభంగానే అర్థమవుతుంది. అసలు విశేషం తరువాత ఉన్నది. కబురు పైకి పంపిన ఆ నరమే తన కొననుండి కొన్ని పదార్థాలను చుట్టుపక్కల కణజాలంలోకి విడుదల చేస్తుంది. ఎరుపును, వేడిని తెచ్చేవి అవే.

దీనిని పాఠకులు స్వయంగా పరీక్షించవచ్చును. ముంజేతిపై గోటితో కొంచెం గట్టిగా ఒక గీత గీయండి. ముందుగా గీత ఎర్రబడుతుంది. కొంతసేపటికి ఆ ఎరుపు గీతను దాటి పక్కలకు పాకుతుంది. కొందరిలో గీత వెంబడి చర్మం ఉబ్బుతుంది కూడ. గోరు తగలని చోటికి ఎరుపు ఎందుకు పాకినది? లండనులో సర్ థామస్ లూయిస్ 1920లలో దీనిని శ్రద్ధగా పరిశీలించి, స్పర్శ నరం చచ్చిపోయిన చర్మంలో ఈ పక్క ఎరుపు రాదని చూపినారు. హంగరీ దేశీయుడు మిక్లోష్ యాంచో ఇంకొక అడుగు ముందుకు వేసినారు. క్యాప్సైసిన్‌తో నరాల కొనలను అలసిపోయేట్లు చేసిన జంతువులలో, చురుక్కుమనే ఆవతైలం పూసినా శోథ రాలేదని ఆయన పరిశోధన తేల్చింది. అంటే నరం కేవలం వార్తాహరుడు కాదు. మంట రాజేయడంలో దానికి సొంత పాత్ర ఉన్నదన్నమాట.

పొడి పేరుతో పిలువబడినది

1931లో ఫన్ ఆయిలర్, గాడమ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు గుర్రపు మెదడు నుండి, పేగు నుండి ఒక సారాన్ని తీసినారు. అది రక్తపు పోటును తగ్గించి, పేగు కండరాన్ని ముడుచుకొనేట్లు చేసింది. ఆంగ్లంలో పొడిని సూచించే మాటలోని మొదటి అక్షరంతో దానికి "సబ్‌స్టెన్స్ పి" అనే పేరు స్థిరపడింది. నలభై ఏళ్ల తరువాత, 1971లో, సూజన్ లీమన్ బృందం దాని నిర్మాణాన్ని విప్పి చూపింది: అది పదకొండు అమైనో ఆమ్లాల చిన్న దండ. పప్పులో, పాలలో ఉండే మాంసకృత్తులు వందలాది పూసల హారాలనుకుంటే, ఇవి పదో ముప్పయ్యో పూసలు గుచ్చిన దండలు. ఇట్టి చిన్న దండలను పెప్టైడులు అంటారు. నరాలలో తయారై సందేశాలుగా పనిచేసేవి న్యూరోపెప్టైడులు.

సబ్‌స్టెన్స్ పి చేసే పని ఏమిటి? సన్నని రక్తనాళాల గోడలను కొంత వదులు చేస్తుంది. అప్పుడు రక్తంలోని ద్రవం బయటకు ఊరి వాపు వస్తుంది. చర్మంలో కాపలా ఉండే మాస్ట్ కణాలను తట్టి లేపుతుంది. అవి హిస్టమిన్‌ను చిమ్మినందువల్ల దురద, దద్దురు పుడతాయి. క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలను పురిగొల్పి, శోథను పెంచే రసాయనాలను వాటిచేత విడుదల చేయిస్తుంది. దీనితో పాటు సి.జి.ఆర్.పి. అనే ముప్పయ్యేడు పూసల దండ కూడ నరం కొననుండి వస్తుంది. అది రక్తనాళాలను విప్పారజేయడంలో మిక్కిలి శక్తిమంతమైనది. గోటి గీత పక్కన పాకిన ఎరుపులో ప్రధాన భాగం దానిదే.

నరాలు మంటను పెంచడమే పనిగా పెట్టుకుంటే దోమకాటు కూడ మనకు ప్రాణాంతకం కావలసినది. అలా జరగకపోవడానికి కారణం వాటిలోనే అదుపు చేసేవి కూడ ఉండడం. 1970లో సామీ సయీద్, విక్టర్ ముట్ అనే శాస్త్రజ్ఞులు పంది పేగు నుండి వేరుచేసిన పెప్టైడుకు పొడి అక్షరాలలో వి.ఐ.పి. అని పేరు. మన ఊరికి కార్ల వరుసతో వచ్చే వి.ఐ.పి.ల వలె ఇది హడావిడి పెంచదు, హడావిడిని తగ్గిస్తుంది. ఇరవై ఎనిమిది పూసల ఈ దండ మాక్రోఫేజ్ కణాల దూకుడును తగ్గించి, శోథకారక రసాయనాల ఉత్పత్తిని అణచివేస్తుంది. సి.జి.ఆర్.పి. కూడ రెండు వైపులా పదునున్నదే. రక్తనాళాలను విప్పుతూనే, కొన్ని రక్షక కణాలకు "నెమ్మది" అని చెబుతుంది. 2013లో అమెరికాలో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో, నొప్పిని తెలిపే నరాలను తొలగించినప్పుడు క్రిమి సోకిన చోటికి రక్షక కణాలు మరింత ఎక్కువగా వచ్చి చేరాయి. నొప్పి నరం ఉన్నప్పుడు అది వాటికి కొంత కళ్లెం వేసినదన్నమాట.

కణాలు కూడ నరాలకు బదులు చెబుతాయి. అవి వెలువరించే రసాయనాలు నరాన్ని మరింత సున్నితం చేస్తాయి. వాచిన వేలికి దుప్పటి తగిలినా భరించలేకపోవడం ఇందువల్లనే. శోథ ఉన్న చోట కొన్ని రక్షక కణాలు ఎండార్ఫిన్ వంటి నొప్పి తగ్గించే పెప్టైడులను కూడ తయారు చేస్తాయి. రెచ్చగొట్టేవారు, రాజీ కుదిర్చేవారు ఒకే పంచాయతీలో కూర్చున్నట్లు ఉంటుందీ వ్యవహారం.

కీలులో ఈ మాటల ప్రభావం

కీళ్ల వ్యాధిలో దీని పాత్రను తెలిపే చిత్రమైన పరిశీలన 1962లో ఇంగ్లండు వైద్యులు ప్రకటించినారు. పక్షవాతం వచ్చి ఒక వైపు చచ్చుబడిన తరువాత రుమటాయిడ్ కీళ్లవాతం సోకిన రోగులలో, ఆ వ్యాధి ఆరోగ్యంగా ఉన్న వైపు కీళ్లనే పట్టింది. చచ్చుబడిన వైపును విడిచిపెట్టింది. రక్తం రెండు వైపులా ఒక్కటే. తేడా నరాలది, కదలికది. 1984లో ఎలుకలపై జరిగిన ప్రయోగంలో సబ్‌స్టెన్స్ పి ఎక్కించిన కీలులో వ్యాధి తీవ్రమైంది. 2001లో వి.ఐ.పి. ఇచ్చిన ఎలుకలలో కీళ్లవాతం బాగా తగ్గింది.

ఇవి చదివి, ఇక మందు దొరికినట్లేనని సంబరపడరాదు. సబ్‌స్టెన్స్ పి మాట నరాలకు, కణాలకు వినబడకుండా చేసే మందులను తయారుచేసి మనుషులలో నొప్పికి వాడి చూస్తే, ఆశించిన గుణం కనబడలేదు. ఆ కోవలోని అప్రెపిటాంట్ అనే మందు చివరకు 2003లో అమెరికాలో కేన్సర్ చికిత్సలో వచ్చే వాంతుల నివారణకు అనుమతి పొందింది. సి.జి.ఆర్.పి.ని అడ్డగించే మందులు 2018 నుండి పార్శ్వపు తలనొప్పికి వాడుకలోకి వచ్చాయి. ఒక పదార్థం రోగంలో పాలుపంచుకొంటున్నదని తెలియడం ఒక మెట్టు; దానిని ఆపితే రోగి బాగుపడతాడని తేలడం ఎన్నో మెట్లు ఎక్కిన తరువాతి సంగతి. "మా తైలం న్యూరోపెప్టైడులను సమతుల్యం చేస్తుంది" అని అట్టపెట్టెపై అచ్చువేసుకొనే వ్యాపారులు ఈ మెట్లన్నీ ఎగిరి దాటేస్తున్నారు. ఏ మనిషిలో, ఎంత మోతాదులో, ఎన్నాళ్లు వాడి చూచినారని అడిగే హక్కు కొనేవారికి ఉన్నది.

ఇంటి వైద్యం విలువ

ఇక మన కాపడం సంగతి. వేడి బిగుసుకొన్న కండరాన్ని సడలిస్తుంది. వేడిని గుర్తించే నరాల ద్వారా నొప్పి కబురును మరుగుపరుస్తుంది. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం మొదలుకొని నేటి లేపనాలలో ఎన్నింటిలోనో ఉండే పిప్పరమెంటు పువ్వు చల్లదనాన్ని గుర్తించే నరాల ద్వారాలను తెరుస్తుంది. మిరప సత్తుతో చేసిన లేపనాన్ని రోజూ పూస్తూ ఉంటే మొదట మండించినా, క్రమంగా ఆ నరపు కొనలు మొద్దుబారి నొప్పి తగ్గుతుంది. వయస్సుతో అరిగిన మోకాలికి ఈ లేపనాన్ని ఆధునిక వైద్యులు సైతం సూచిస్తున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మిరపకాయ చరకునికీ సుశ్రుతునికీ తెలియదు. అది అమెరికా ఖండం నుండి పోర్చుగీసు వారి వెంట మన దేశానికి వచ్చిన పంట. అంతకుముందు మన కారం మిరియాలది, పిప్పళ్లది, శొంఠిది. కనుక మిరప లేపనాన్ని "అనాది ఋషి సంప్రదాయం"గా అమ్మేవారి మాట చెల్లదు. అయినా అది పనిచేస్తే వాడుకొనడానికి మనకు అభ్యంతరం ఉండనక్కరలేదు. పచ్చి మిరపకాయలను నూరి కీలుకు పట్టువేయడం మాత్రం చేయరాదు, చర్మం పొక్కిపోతుంది. కారంతో చేతులు మండుతుంటే నీళ్లతో ఎంత కడిగినా లాభం తక్కువ. ముందు నూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడుక్కోవలెను. క్యాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీటిలో కరగదు.

ఎక్కడ ఆగవలెను

నొప్పి తగ్గడం వేరు, రోగం తగ్గడం వేరు. ఇంటి వైద్యం చాలావరకు నరానికి ఊరట. అరిగిన మోకాలికి, పని చేసి అలసిన నడుముకు, బెణికిన మడమకు ఆ ఊరటే చాలవచ్చును. కాని రుమటాయిడ్ కీళ్లవాతంలో శరీరపు రక్షక కణాలే కీలు పొరపై దాడి చేస్తాయి. నరం పంపే సందేశాలు ఆ దాడిని హెచ్చించవచ్చు, తగ్గించవచ్చు. దాడికి మూలం అవి కావు. నరాన్ని జోకొట్టితే కబురు ఆగుతుంది, లోపల ఎముక తినివేయబడడం ఆగదు.

మన శాస్త్రం కూడ అన్ని కీళ్ల నొప్పులను ఒక గాటన కట్టలేదు. చరకుడు సంధిగత వాతాన్ని చెప్పినాడు. మాధవకరుడు తన నిదాన గ్రంథంలో ఆమవాతాన్ని వేరే వ్యాధిగా వర్ణించినాడు. ఆమవాతంలో తైలమర్దన పనికిరాదని, వేడి ఇసుక మూట వంటి పొడి కాపడమే తగినదని వైద్య సంప్రదాయం. ఏ కీలు వాచినా నూనె పట్టించి రుద్దడం ఆయుర్వేదం కాదు, అలవాటు మాత్రమే.

ఈ గుర్తులు ఉన్నప్పుడు జాగ్రత్త పడవలెను: చేతివేళ్ల మొదళ్లలోని, మణికట్టులోని చిన్న కీళ్లు రెండు వైపులా వాచడం, ఉదయం లేవగానే పిడికిలి ముడవలేక గంటకు పైగా బిగుసుకొని ఉండడం, ఆరు వారాలు దాటినా వాపు తగ్గకపోవడం. ఇది పురుషులలో కంటె స్త్రీలలో ఎక్కువ. కీలు అరిగిపోవడం తొలి రెండు సంవత్సరాలలోనే మొదలుకావచ్చును గనుక ఆలస్యానికి మూల్యం శాశ్వతం. సామర్లకోట నుండి కాకినాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రికి గంట ప్రయాణం కూడ లేదు. "కాపడంతో సర్దుకుంటున్నది కదా" అని ఇంట్లో అందరికీ వండిపెడుతూ నెట్టుకొచ్చే ఇల్లాలికి ఆ గంట దొరకకపోవడం మన కుటుంబాలలోని లోపం.

అక్కడ ఇచ్చే మందులలో ముఖ్యమైనది మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లాన్ని ఎదిరించే ఈ మందుల కుటుంబం అమెరికాలో లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో జరిగిన పరిశోధనల ఫలం. ఆయన 1895లో భీమవరంలో జన్మించి, రాజమండ్రిలో చదువుకొని, అమెరికా చేరకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసినారు. మన గోదావరి బిడ్డ, ఆయుర్వేద పాఠశాల గడప తొక్కిన మనిషి ఇచ్చిన మందును "ఇంగ్లీషు మందు" అని దూరం పెట్టడం వింతగా లేదా? అయితే దీనిని వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను. కీళ్లవాతానికి ఇది వారానికి ఒక్కసారి తీసుకొనే మందు. పొరపాటున రోజూ మింగితే ప్రాణాపాయం. రక్త పరీక్షలు తప్పవు. గర్భవతులకు పనికిరాదు.

సంతలలో చీటీ లేకుండా అమ్మే "వాతం పొడుల" విషయమై నా హెచ్చరిక ఇంకా గట్టిది. మూలికలు రెండు రోజులలో వాచిన కీలును మంత్రించినట్లు తీసివేయవు. అలా తీసివేసిన పొడిలో స్టీరాయిడు కలిసి ఉండవచ్చునని అనుమానించవలెను. ముఖం ఉబ్బడం, చక్కెర పెరగడం, ఎముకలు గుల్లబారడం దాని వెనుక వచ్చే పరిణామాలు. కొంతకాలం వాడిన వారు దానిని ఒక్కసారిగా మానడం కూడ ప్రమాదకరం. వైద్యుని సలహాతో క్రమంగా తగ్గించవలెను.

మధుమేహులకు ప్రత్యేక మనవి

మధుమేహం చాలాకాలంగా ఉన్నవారి పాదాలలో నరాల కొనలు క్షీణిస్తాయి. వేడి తెలియదు, ముల్లు గుచ్చినా తెలియదు. అంతటితో పోదు. నరం లేని చోట పుండు మానడానికి కావలసిన పెప్టైడుల సరఫరా కూడ తగ్గుతుంది. అందుచేత ఇతరులకు హితమైన ఉప్పు కాపడం వీరి పాదానికి శత్రువు. చర్మం కాలినా తెలియక అలాగే ఉంచుతారు; ఆ పుండు మానక వేలు తీసివేసే వరకు పోవచ్చును. తిమ్మిరి ఎక్కే పాదాలకు కాపడం గాని, వేడినీళ్ల తొట్టి గాని, మిరప లేపనం గాని ఇంట్లో పెట్టవద్దు. స్నానపు నీళ్లను కూడ వేరొకరు చేతితో చూచి పోయడం మేలు.

మనస్సు మాట

మనోవ్యాధికి మందు లేదని సామెత. మనోవ్యాధి శరీరవ్యాధిని పెంచుతుందని మాత్రం చరకునికి తెలుసు. రోగాన్ని వృద్ధిచేసే వాటిలో విషాదాన్ని ఆయన ముందు వరుసలో పెట్టినాడు. నేటి శాస్త్రం దానికి దారి చూపుతున్నది. దిగులు కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ నుండి సి.ఆర్.హెచ్. అనే మరొక న్యూరోపెప్టైడు వెలువడి, చివరకు మూత్రపిండాలపైనున్న గ్రంథులచేత కార్టిసాల్‌ను విడుదల చేయిస్తుంది. అది కొద్దికాలం శోథను అణచేదే అయినా, దిగులు నెలల తరబడి సాగితే ఈ అదుపు చెడుతుంది. 1995లో అమెరికాలోని ఒహాయోలో, మతిమరుపు వ్యాధిగ్రస్తులైన ఆత్మీయులకు సేవచేస్తున్న స్త్రీల చేతిపై చిన్న గాయం చేసి పరిశీలిస్తే, ఇతరులకంటె తొమ్మిది రోజులు ఆలస్యంగా అది మానింది. పదమూడుగురు, పదమూడుగురితో చేసిన చిన్న పరిశీలనే అది. అయినా మంచం పట్టిన అత్తమామలకు ఒంటిచేత్తో సేవచేసే మన కోడళ్లు జ్ఞాపకం రాక మానరు. ఆ పనిలో ఒక పూట భర్త, ఒక పూట ఆడపడుచు పాలుపంచుకొనడం కూడ చికిత్సలో భాగమేనని నా మనవి.

కాని ఈ జ్ఞానాన్ని తలకిందులుగా వాడరాదు. "అంతా నీ మనసులోనే ఉన్నది, ఆలోచించడం మానెయ్" అని రోగితో అనడం వైద్యం కాదు. దిగులు మంటను ఎగదోయవచ్చును. కీలులో దాడి మాత్రం నిజమైనదే. రోగికి నిద్ర, నెమ్మది, ప్రాణాయామం, ఇంటివారి ఆదరణ ఇవ్వవలసినదే. వాటితో పాటు రోగానికి తగిన మందు కూడ ఇవ్వవలెను.

ఇకమీదట ఉప్పు మూట వెచ్చచేసే ముందు ఇంటివారు మూడు ప్రశ్నలు వేసుకొనగలరు. ఇది అలసిన కీలా, వాచిన కీలా? ఈ పాదానికి వేడి తెలుస్తున్నదా? ఈ వాపు మొదలై ఎన్ని వారాలైనది? మొదటి రెండింటికి నిశ్చింతగా జవాబు చెప్పగలిగితే కాపడం పెట్టండి, అది మన పెద్దల మంచి కానుక. మూడవదానికి ఆరు అనే జవాబు వస్తే మూట పక్కనపెట్టి, ఆమెను మరునాడు ఉదయమే కాకినాడకు తీసుకొని వెళ్లండి.